సభ్యత్వం 99 రూపాయలా, 1,200 రూపాయలా? గుంటూరు మిర్చి వెబ్‌సైట్ ఒకటి ఊహించుకుని వేసిన లెక్క

మిద్దెతోటల మీద, పాత నాణేల మీద, పోటీ పరీక్షల మీద, పంటల ధరల మీద నడిచే చిన్న తెలుగు వెబ్‌సైట్లు కొన్ని ఇప్పుడు సభ్యత్వ రుసుము అడుగుతున్నాయి. చదివేవాళ్లకు ఒక అనుమానం: ఇంతకాలం ఉచితంగా వచ్చినదానికి ఇప్పుడు డబ్బులెందుకు? నడిపేవాళ్లకు ఇంకో టెన్షన్: అడిగితే ఎంత అడగాలి? నెలకు 49 అనాలా, ఏడాదికి 2,000 అనాలా? ఎక్కువ మంది పక్క సైట్ ఎంత పెట్టిందో చూసి, అందులో ఓ పది తగ్గించి ధర పెట్టేస్తారు. ఆ పక్క సైటు వాళ్లు కూడా ఇంకొకరిని చూసే పెట్టి ఉంటారు.

విషయం తేలికగా అర్థం కావడానికి గుంటూరునే ఉదాహరణగా తీసుకుందాం. మిర్చి ధరలు, ఏ రకానికి గిరాకీ ఉంది, కోల్డ్ స్టోరేజీల్లో ఎంత సరుకుంది, తెగుళ్ల సంగతేమిటి అని రోజూ రాసే సైట్ ఒకటి ఉందనుకోండి. ఇది ఊహించుకున్న సైటే. దాని ఖర్చులు, సభ్యుల సంఖ్యలు కూడా లెక్క కోసం వేసుకున్నవే. మార్కెట్, పన్నులు, చెల్లింపుల నిబంధనలు మాత్రం నిజమైనవి.

ప్రకటనలతో ఎందుకు గడవదు

ప్రకటనల ఆదాయం ఎంతమంది చూశారన్న దాన్ని బట్టి వస్తుంది. సినిమా వార్తల సైట్‌కు లక్షల మంది వస్తారు. తేజ, 334 అనే రెండు మిర్చి రకాల మధ్య ధర తేడా ఎందుకు పెరిగిందో తెలుసుకోవాలనుకునేవాళ్లు కొన్ని వేల మందే ఉంటారు. వాళ్లకు ఆ సంగతి చాలా అవసరం. కానీ ప్రకటనలు లెక్కపెట్టేది తలలనే, అవసరాన్ని కాదు. మందిని బట్టి కాకుండా అవసరాన్ని బట్టి ఆదాయం రావాలంటే మిగిలే దారుల్లో సభ్యత్వం ఒకటి.

సభ్యత్వానికీ విరాళానికీ తేడా ఉంది. విరాళం ఇచ్చినవారు అభిమానంతో ఇస్తారు, తిరిగి ఏమీ అడగరు. సభ్యత్వంలో ఇచ్చిపుచ్చుకోవడం ఉంది: ఇంత కడితే, ఇన్నాళ్లు, ఇది అందుతుంది. ఆ మూడింటిలో ఒక్కటి అస్పష్టంగా ఉన్నా మొదటి ఏడాది తర్వాత గొడవలు మొదలవుతాయి.

ఖర్చు లెక్క చెప్పేది కనీస ధర మాత్రమే

మన సైట్ నడిపే వ్యక్తి తన జీతంగా నెలకు 30,000 తీసుకుంటారనుకుందాం. మిర్చి మార్కెట్ యార్డులో తిరిగి ధరలు సేకరించే కుర్రాడికి 18,000. సర్వర్, మెసేజ్‌ల ఖర్చు 6,000. ఫోన్లు, పెట్రోలు 4,000. లెక్కలు రాసేవారికి 2,000. మొత్తం నెలకు 60,000, ఏడాదికి 7,20,000. చాలామంది ఈ లెక్కలో తమ జీతం వేసుకోరు. అలా వేసుకోకుండా పెట్టిన ధర ఉత్సాహం ఉన్నంతకాలమే నిలుస్తుంది. ఇంట్లో ఒక అవసరం రాగానే సైట్ ఆగిపోతుంది.

కట్టిన డబ్బంతా చేతికి రాదు. ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే గేట్‌వే కంపెనీ 2 శాతం తీసుకుని, ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ వేస్తే, వంద రూపాయల్లో 2 రూపాయల 36 పైసలు పోతాయి. యూపీఐ చెల్లింపుల మీద వ్యాపారి కట్టాల్సిన రుసుమును (ఎండీఆర్) ప్రభుత్వం 2020 జనవరి నుంచి ఎత్తేసింది. అయినా నెలనెలా దానంతటదే డబ్బు కట్ అయ్యే ఏర్పాటు కావాలంటే ఆ సేవకు కంపెనీలు విడిగా వసూలు చేయొచ్చు. యాప్ ద్వారా అమ్మితే కోత ఇంకా పెద్దది. సభ్యత్వాలపై తన వాటాను గూగుల్ ప్లే 2022 జనవరిలో 15 శాతానికి తగ్గించింది. ఆ లెక్కన చూసినా 99 రూపాయల్లో మిగిలేది 84 మాత్రమే.

సొంత సైట్ మీదే కట్టించుకుంటున్నారనుకుందాం. ధర ఏడాదికి 600 అయితే చేతికొచ్చేది దాదాపు 586, ఖర్చులు గడవడానికి 1,229 మంది సభ్యులు కావాలి. 1,200 అయితే 615 మంది. 3,000 పెడితే 246 మంది చాలు. ఎంత తగ్గితే నష్టమో ఖర్చు లెక్క ఇలా చెబుతుంది. ఈ మూడు ధరల్లో ఏది పెట్టాలో మాత్రం చెప్పదు. 246 మంది 3,000 ఇస్తారా, 1,229 మంది 600 ఇస్తారా అన్నది కొనేవాళ్లను చూస్తేనే తెలుస్తుంది.

ఉచితంగా దొరికేదాన్ని ఎవరు కొంటారు?

కేంద్ర ప్రభుత్వ పోర్టల్ అగ్‌మార్క్‌నెట్‌లో మార్కెట్ యార్డుల కనిష్ఠ, గరిష్ఠ, ఎక్కువగా పలికిన ధరలు ఉచితంగా కనిపిస్తాయి. 2016 ఏప్రిల్ 14న మొదలైన ఈ-నామ్ అనే ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ కూడా ఉంది. కాబట్టి ధరల పట్టికనే సభ్యత్వం వెనక పెడితే ఎవరూ కట్టరు, కట్టాల్సిన అవసరమూ లేదు.

అయితే ఆ పట్టికలో కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య వేల రూపాయల తేడా ఉన్నప్పుడు రైతు మనసులో ఉండే ప్రశ్న వేరు: నా కాయ ఎక్కడ పలుకుతుంది? డీలక్స్ అంటారా, మీడియం అంటారా? తేమ ఎక్కువుందని ఎంత తగ్గిస్తారు? తాలు కాయలు, అంటే రంగు పోయిన నాసిరకం కాయలు, కొనడానికి ఇవాళ ఎవరు వచ్చారు? చైనా వైపు ఎగుమతి చేసేవాళ్లు తేజ కొంటున్నారా, ఆగారా? ఏసీ సరుకు, అంటే కోల్డ్ స్టోరేజీలో దాచినది, ఎంత బయటికొస్తోంది? వీటికి జవాబు యార్డులో తిరిగే మనిషి వల్లే వస్తుంది. సీజన్‌లో రోజుకు లక్ష టిక్కీలకు (మిర్చి బస్తాలకు) పైగా వచ్చే చోట, ఆ తిరగడమే అసలు సరుకు. ధర పెట్టాల్సింది దానికి.

ఇంకో సంగతి. ఇలాంటి సమాచారానికి విలువ తొందరగా తగ్గిపోతుంది. ఇవాళ పొద్దున తెలిసినది ఇవాళ ఉపయోగం, వారం తర్వాత అది చరిత్ర. అందుకే కొన్ని సైట్లు తాజాదనానికి ధర పెడతాయి: సభ్యులకు వెంటనే, మిగతావాళ్లకు రెండు మూడు రోజుల తర్వాత ఉచితంగా. ఇంకో పద్ధతి నెలకు ఇన్ని వ్యాసాలు ఉచితం, ఆపైన కట్టాలి అనేది. న్యూయార్క్ టైమ్స్ 2011 మార్చిలో అలాగే మొదలుపెట్టి, నెలకు 20 వ్యాసాలు ఉచితంగా ఇచ్చింది, తర్వాత ఆ సంఖ్యను పదికి తగ్గించింది. అప్పుడప్పుడూ వచ్చేవాళ్లను పోగొట్టుకోకుండా, రోజూ చదివేవాళ్ల దగ్గరే డబ్బు అడగడం దాని ఉద్దేశం. మిర్చి సైట్‌కు మొదటి పద్ధతే నప్పుతుందని నాకనిపిస్తుంది. ఇక్కడ రైతుకు నెలంతా కలిపి కావాల్సింది మూడే వ్యాసాలు కావచ్చు, కానీ అవి సరుకు తోలే ముందు రోజు కావాలి.

విలువను బట్టి ధర: వినడానికి సూటిగా ఉన్నా, లోపల చిక్కు ఉంది

కొనేవాడికి ఎంత లాభమో అందులో కొంత వాటా అడగాలన్నది ఒక సిద్ధాంతం. లెక్క వేసి చూద్దాం. మూడెకరాల రైతు, ఎకరానికి 20 క్వింటాళ్ల చొప్పున 60 క్వింటాళ్లు పండించాడు. సరైన రోజున, సరైన గ్రేడు తెలిసి అమ్మడం వల్ల క్వింటాలుకు 200 ఎక్కువొచ్చినా 12,000 మిగులుతుంది. అందులో పదో వంతు, అంటే 1,200 సభ్యత్వం అడగడం న్యాయంగానే కనిపిస్తుంది.

కానీ ఆ రైతు పెట్టుబడికి కమీషన్ వ్యాపారి దగ్గర అప్పు తెచ్చుకుని ఉంటే? సరుకు ఆయన ద్వారానే అమ్మాలి. ఆగుదామన్నా అప్పుకు వడ్డీ ఆగదు. కూలీలకు డబ్బులు ఇవ్వాలి. వారం ఆగితే మంచి ధర వస్తుందని తెలిసినా ఆగలేని మనిషికి ఆ మాట వల్ల ఒరిగేది తక్కువ. సమాచారం విలువ దాన్ని వాడుకోగల స్వేచ్ఛను బట్టి ఉంటుంది. ఈ ముక్క వదిలేసి వేసిన విలువ లెక్కలన్నీ కాగితం మీదే బాగుంటాయి.

అదే కోల్డ్ స్టోరేజీలో 500 టిక్కీలు పెట్టుకున్న వ్యాపారిని చూడండి. టిక్కీ 45 కిలోలనుకుంటే 225 క్వింటాళ్లు. క్వింటాలుకు 200 తేడా అంటే 45,000. ఆయనకు ఆగే శక్తి ఉంది, అమ్మే రోజు ఎంచుకునే వీలుంది. ఏడాదికి 3,600 ఆయనకు పెద్ద లెక్క కాదు. ఒకే పేజీ, ఒకే సమాచారం, ఇద్దరికీ విలువలో ఇంత తేడా. అందరికీ ఒకే ధర పెడితే రైతుకు బరువవుతుంది, లేదా వ్యాపారి దగ్గర రావాల్సింది రాదు.

"ఎంతయితే కడతారు?" అని నేరుగా అడిగితే

ఈ ప్రశ్నకు నిజమైన జవాబు రావడం కష్టం. మొహమాటం ఉన్నవాళ్లు ఎక్కువ చెబుతారు, బేరం అలవాటైనవాళ్లు తక్కువ చెబుతారు. డచ్ ఆర్థికవేత్త పీటర్ వాన్ వెస్టెండార్ప్ 1976లో ఒక పద్ధతి చెప్పాడు. ఒక ప్రశ్న బదులు నాలుగు అడగాలి: ఎంతయితే అసలు కొనలేనంత ఎక్కువ? ఎంతయితే ఎక్కువే అనిపించినా ఆలోచిస్తారు? ఎంతయితే చవక అనిపిస్తుంది? ఎంత తగ్గితే ఇందులో సరుకు లేదేమోనన్న అనుమానం వస్తుంది? చాలామందిని అడిగి జవాబులు గీతలుగా గీస్తే, మధ్యలో జనం ఒప్పుకునే ధరల పరిధి కనిపిస్తుంది.

నాలుగో ప్రశ్న గుంటూరులో చాలా పనికొస్తుంది. నెలకు 10 రూపాయలకు మార్కెట్ రహస్యాలు చెబుతామంటే యార్డులో పండిపోయిన వ్యాపారి నమ్మడు. అంత తక్కువకు చెబుతున్నారంటే దీని వెనక ఇంకెవరి లాభమో ఉందనుకుంటాడు. ధర మరీ తగ్గించడం వల్ల నమ్మకం పోవడం వ్యాపార సమాచారంలో నిజమైన ప్రమాదం. అయినా ఈ పద్ధతి కూడా మాటల మీదే నడుస్తుంది. ముందుగా డబ్బు కట్టినవాళ్లెంతమంది అన్న లెక్కకు ఉన్న బలం దీనికి లేదు.

చవగ్గా ఎక్కువమందికా, ప్రియంగా కొద్దిమందికా

చవగ్గా పెట్టాలనేవారి వాదనలో బలం ఉంది. మన దేశంలో ధర తగ్గితేనే జనం వస్తారని పెద్ద కంపెనీలే తేల్చుకున్నాయి. నెట్‌ఫ్లిక్స్ 2021 డిసెంబరులో ఇక్కడ మొబైల్ ప్లాన్‌ను 199 నుంచి 149కి, బేసిక్ ప్లాన్‌ను 499 నుంచి 199కి తగ్గించింది. సభ్యులు పెరిగితే నోటిమాట ప్రచారమూ పెరుగుతుంది, ఒకరు మానేసినా నష్టం తెలియదు.

కొద్దిమంది చాలనే వాదన అమెరికా రచయిత కెవిన్ కెల్లీ 2008లో చెప్పిన "వెయ్యి మంది నిజమైన అభిమానులు" అన్న ఆలోచన నుంచి బలపడింది. ఏం చేసినా కొనే వెయ్యి మంది ఉంటే, ఒక్కొక్కరి నుంచి తగినంత ఆదాయం వస్తే ఒక రచయితో, కళాకారుడో బతకగలడన్నది దాని సారం. నెట్‌ఫ్లిక్స్ ఉదాహరణ చిన్న సైట్లకు అతకకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. సినిమా ఎవరైనా చూస్తారు, ధర తగ్గిస్తే కొత్తవాళ్లు కోట్లలో ఉన్నారు. మిర్చి సైట్ ధర సగానికి తగ్గించినంత మాత్రాన మిర్చి వేసేవాళ్లు రెట్టింపు కారు. పైగా సభ్యుడు పెరిగిన కొద్దీ ఫోన్లు పెరుగుతాయి: పాస్‌వర్డ్ పోయింది, మెసేజ్ రాలేదు, నిన్నటి ధర తప్పు. 1,229 మందికి జవాబు చెప్పడానికి ఇంకో మనిషి కావాలి. ఆ జీతం మన మొదటి లెక్కలో లేదు.

వీటికి పక్కన ఇంకో వాదన ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. 2021-22లో నల్ల తామర పురుగు మిరప తోటలను నాశనం చేసినప్పుడు, ఏ మందు పనిచేయడం లేదో, తోట పీకేయాలా ఉంచాలా అన్నది రైతులకు గంటల మీద కావాల్సిన సమాచారం. అలాంటిది డబ్బు కట్టినవాళ్లకే చెప్పడం తప్పని కొందరంటారు. గుంటూరు దగ్గరి లాం ఫారం వ్యవసాయ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఆ సలహాలు ఉచితంగానే ఇస్తారు. ఎవరూ డబ్బు కట్టకపోతే పొలాలు తిరిగి రాసే మనిషే ఉండడన్నది ఎదుటి వాదన. రెండూ నిజమే కాబట్టే చాలా సైట్లు ఒక గీత గీస్తాయి: నష్టం ఆపే సమాచారం అందరికీ, లాభం పెంచే సమాచారం సభ్యులకు. ఆ గీత ఎప్పుడూ శుభ్రంగా ఉండదు. అయినా గీయడం అవసరమనే నా అభిప్రాయం.

నెల, ఏడాది, సీజన్

కొత్త సభ్యుల సంఖ్య చూసి మురిసిపోయేవాళ్లు మానేసేవాళ్ల సంఖ్యను ఆలస్యంగా చూస్తారు. నెలకు 100 మంది కొత్తగా చేరుతూ, ఉన్నవాళ్లలో 10 శాతం మానేస్తుంటే సభ్యుల సంఖ్య 1,000 దగ్గర ఆగిపోతుంది. వెయ్యిలో పది శాతం అంటే వందే, వచ్చినంతమందీ పోతున్నట్టు. మానేసేవాళ్లు 5 శాతానికి తగ్గితే అదే వంద మందితో 2,000 దాకా వెళుతుంది. ఒక సభ్యుడు సగటున 10 నెలలు ఉంటే 99 చొప్పున 990 వస్తుంది, 20 నెలలు ఉంటే 1,980. ధర పెంచకుండానే ఆదాయం రెట్టింపు.

ఏడాది సభ్యత్వంలో వదిలేయాలా అన్న ఆలోచన ఏడాదికొకసారే వస్తుంది. అందుకే 99 నెలసరి పెట్టినవాళ్లు ఏడాదికి 1,188 బదులు 990 అని, రెండు నెలలు తగ్గించి ఇస్తారు. కానీ మిర్చి రైతుకు ఏడాది అంటే పన్నెండు నెలలు కాదు. ఆగస్టు, సెప్టెంబరుల్లో నాటు. జనవరి నుంచి కోతలు, అమ్మకాలు ఏప్రిల్, మే దాకా. ధరల సమాచారం అతనికి కావాల్సింది ఆ ఐదు నెలలే. నెలనెలా కడితే 495 అవుతుంది. 990 ఏడాది ధర అతనికి దండగ. జనవరి నుంచి మే వరకు 399కి సీజన్ సభ్యత్వం అంటే అతని లెక్కకు సరిపోతుంది. డబ్బు అడిగే వేళ కూడా ముఖ్యం. ఆగస్టులో విత్తనాలకు, ఎరువులకు డబ్బు పోతూ ఉంటుంది. అప్పుడు పునరుద్ధరణ అడిగితే ఎంత తక్కువ ధరైనా ఎక్కువే. సరుకు అమ్మిన డబ్బు చేతిలో ఉన్న మార్చిలో అడిగితే అదే ధర తేలిక.

"జీవితకాల సభ్యత్వం" ఆకర్షణీయంగా కనిపిస్తుంది. 2,000 చొప్పున 300 మంది చేరితే ఒకేసారి 6 లక్షలు. అయితే అది పది నెలల ఖర్చు మాత్రమే. పదకొండో నెల నుంచి ఆ 300 మందికి రోజూ ధరలు పంపాలి, వాళ్ల దగ్గర్నుంచి ఇక ఏమీ రాదు.

నిబంధనలు ధరను ఎక్కడ తాకుతాయి

సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటనంతవరకు సాధారణంగా జీఎస్టీ నమోదు అవసరం ఉండదు. మన సైట్ అందులోనే ఉంది. దాటిన రోజున 18 శాతం పన్ను ధరలోంచి తీయాలి, లేదా పైన వేయాలి. 1,200లోంచే తీస్తే సైట్‌కు మిగిలేది 1,017. జీఎస్టీ నమోదున్న వ్యాపారి తాను కట్టిన పన్నును తన లెక్కలో సర్దుకోగలడు. రైతుకు ఆ వీలు లేదు. పన్ను కూడా ఇద్దరి మీదా ఒకేలా పడదు.

కార్డుల మీద దానంతటదే కట్ అయ్యే చెల్లింపులకు రిజర్వ్ బ్యాంకు నిబంధనలు 2021 అక్టోబరు 1 నుంచి గట్టిగా అమలయ్యాయి. డబ్బు తీసుకోవడానికి 24 గంటల ముందు మెసేజ్ రావాలి. ఈ మెసేజ్ వల్ల నెలసరి సభ్యత్వంలో ఏడాదికి పన్నెండుసార్లు "ఇది అవసరమా?" అన్న ఆలోచన వస్తుంది. చేర్చుకోవడం తేలిక చేసి, మానేయడం కష్టం చేసే పద్ధతిని 2023 నవంబరు 30 నాటి కేంద్ర మార్గదర్శకాలు మోసపూరిత పద్ధతుల్లో చేర్చాయి. మొదట ఒక ధర చూపించి, చివర్లో ఇంకొన్ని ఛార్జీలు కలపడం కూడా ఆ జాబితాలోనే ఉంది.

ఒకరు కడితే ఊరంతా చదవడం

ఒక్క సభ్యుడు స్క్రీన్‌షాట్ తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెడితే 200 మందికి చేరుతుంది. దీన్ని దొంగతనంగా చూసి అడ్డుకునేవాళ్లున్నారు. ఆ 200 మందినీ కొనబోయేవాళ్లుగా చూసేవాళ్లూ ఉన్నారు. ఊరి రైతులు కలిసి చదవడం ఎలాగూ ఆగదు కాబట్టి, రైతు ఉత్పత్తిదారుల సంఘానికో, ఒక ఊరి బృందానికో 4,000కు ఒక సభ్యత్వం ఇవ్వడం మధ్యేమార్గం.

మిర్చి ధర పడిపోయిన ఏడాది ఏమవుతుంది

ఇప్పుడు అన్నీ కలిపి చూద్దాం. సీజన్ రైతులు 800 మంది, 399 చొప్పున 3,19,200. వ్యాపారులు, కోల్డ్ స్టోరేజీల వాళ్లు 90 మంది, 3,600 చొప్పున 3,24,000. బృందాలు 25, 4,000 చొప్పున 1,00,000. మొత్తం 7,43,200. గేట్‌వే కోత పోగా 7,25,660. ఖర్చులు 7,20,000 కాబట్టి సరిపోయింది.

ఇది మంచి ఏడాది లెక్క. 2023లో తేజ క్వింటాలు 20,000 దాటి అమ్మింది. 2025 ఫిబ్రవరిలో ధర ఎంత పడిపోయిందంటే, ధర పడిపోయినప్పుడు రైతును ఆదుకునే మార్కెట్ జోక్య పథకం కింద కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి ఏడాది రైతుకు సమాచారం అవసరం పెరుగుతుంది, చేతిలో డబ్బు తగ్గుతుంది. మరుసటి ఏడాది కొందరు వేరే పంటకు మారతారు, వాళ్లకు మిర్చి సైట్‌తో పని ఉండదు.

రైతు సభ్యులు 30 శాతం తగ్గి 560కి వచ్చారనుకుందాం, మిగతావాళ్లు నిలిచారనుకుందాం. చేతికొచ్చేది 6,32,160, అంటే దాదాపు 88,000 లోటు. సుమారు నెలన్నర ఖర్చు. ఇదే సైట్ అందరికీ 600 అనే ఒకే ధర పెట్టి, దాదాపు రైతుల మీదే ఆధారపడి 1,229 మందితో నడుస్తుంటే, అదే 30 శాతం తగ్గుదలకు లోటు 2,16,000. అది మూడున్నర నెలలకు పైగా ఖర్చు. యార్డులో తిరిగే కుర్రాడి ఏడాది జీతం కూడా సరిగ్గా అంతే.